కథ వారిది, గొంతు మరియొకరిది

భూతచిత్రములు బాలురకు వినోదమాత్రములని తలంచువారు పెక్కురు గలరు. మాకట్లు తోచదు. ఏ జాతి భయమునకు తెరపై చోటు దొరకునో, ఏ జాతి భయము కత్తిరింపబడునో ఇట్టి చిత్రములే తేటతెల్లముగా జూపుచున్నవి.

1954వ సంవత్సరము మార్చి 1వ తేదీన అమెరికా ప్రభుత్వము బికినీ దీవులలో ఉదజని బాంబును పరీక్షించెను. దాని విషధూళి జపాను చేపల పడవ యొక్కదానిపై బడగా అందలి 23 మంది నావికులును వ్యాధిగ్రస్తులైరి. ఒకడు సెప్టెంబరులో మరణించెను. ఆ నవంబరులోనే తోహో సంస్థవారు ఇషిరో హోండా దర్శకత్వమున “గొజిలా” చిత్రమును విడుదల చేసిరి. బాంబు పరీక్షలచే మేల్కొనిన భూతము టోకియో నగరమును దహించుట అందలి కథ. దానిని పరిశీలించు పండితుడు జపానువాడు. ప్రాణమొడ్డి దానిని సంహరించు శాస్త్రజ్ఞుడును జపానువాడే. రైలులో నొక యువతి తాను నాగసాకి బాంబునుండి బ్రతికి బయటపడిన సంగతి చెప్పును. బాధపడినవారే తమ బాధను చెప్పుకొనిరి.

1956లో అమెరికా వ్యాపారులు ఈ చిత్రమును తమ దేశమున జూపదలచి యేమి చేసిరి? రేమండ్ బర్ అను శ్వేతజాతి నటునితో క్రొత్త దృశ్యములు దీసి, అమెరికా విలేఖరి కథ చెప్పుచున్నట్లు నడుమ నతికిరి. నాగసాకి మాట పోయెను. పరీక్షలు సాగినచో మరియొక భూతము రాగలదను వృద్ధపండితుని తుది హెచ్చరికయు బోయెను. బాంబు ప్రసక్తి కొంత మిగిలెను గాని, దాని వాడి మిగులలేదు.

ఈ మార్పు లేకున్న చిత్రము అమెరికా సామాన్యజనులకు చేరెడిది కాదనియు, 1933 నాటి “కింగ్ కాంగ్”లో దీవివాసులకు దక్కని గౌరవము ఇందు జపానువారికి దక్కెననియు కొందరందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. అయినను తెరపై ముఖము కనబడుట వేరు, తన కథను తాను చెప్పుకొనుట వేరు. మూలచిత్రము అమెరికా సినిమాశాలలలో విరివిగా ప్రదర్శింపబడుటకు 2004 వరకు, అనగా 50 ఏండ్లు, పట్టెను.

నేడు మూలమును చూచుట కష్టము కాదు. ఫిలిం సంఘములవారు దానినే ప్రదర్శింతురు గాక. పరదేశ చిత్రము దేనినైనను చూచునపుడు, చెప్పువాడెవడు, తీసివేసిన మాట యేది యని యడుగుట ప్రేక్షకుని ధర్మమని మా యభిప్రాయము.