చలానా సరే.. బ్యాంకులో పడిందా?

గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్ల టేబుల్ మీద తెలుగు అకాడమీ పుస్తకం ఒక్కటైనా ఉంటుంది. మీ దగ్గరా ఉండే ఉంటుంది. 2021 సెప్టెంబరులో ఆ అకాడమీ బ్యాంకుల్లో దాచుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్లలో రూ.60 కోట్లకు పైగా మాయమైనట్టు బయటపడింది. డబ్బు వెనక్కి తీసుకుందామని అకాడమీ వెళ్లేసరికే ఖాతాలు ఖాళీ. ఆఫీసు లెక్కల్లో మాత్రం డిపాజిట్లు ఉన్నట్టే ఉన్నాయి.

ఇప్పుడు మన బోధన్‌కు రండి. 2017లో ఇక్కడి వాణిజ్య పన్నుల కార్యాలయంలో నకిలీ చలానాల వ్యవహారం వెలుగులోకి వచ్చింది. ఒక వ్యాపారి కట్టిన చలానానే మరికొందరి పేర్ల మీద కూడా కట్టినట్టు చూపారన్నది అభియోగం. కేసు సీఐడీ దాకా వెళ్లింది. ఇది మున్సిపాలిటీ వ్యవహారం కాదు, రాష్ట్ర పన్ను. అకాడమీదీ మున్సిపాలిటీతో సంబంధం లేని కథే. అయినా రెండూ ఒకేచోట దెబ్బతిన్నాయి. ఆఫీసులో ఉన్న కాగితాన్ని బ్యాంకు దగ్గర, ట్రెజరీ దగ్గర ఉన్న కాగితంతో ఎప్పటికప్పుడు పోల్చి చూసినవాళ్లు లేరు.

నేను బీటెక్ చదివినోణ్ని. డెబిట్, క్రెడిట్ అంటే మొన్నమొన్నటి దాకా భయమే. కానీ ఈ పోల్చి చూడటం మాత్రం మనకు కొత్త కాదు. రెండు టేబుళ్లు తీసుకుని, ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని వరసలు ఏవో చెప్పమంటే ఎస్‌క్యూఎల్ నేర్చుకున్న ఎవరైనా నిమిషంలో చెప్తారు. అకౌంట్స్‌లో దీన్నే బ్యాంక్ రికన్సిలియేషన్ అంటారు. నగర ఆర్థిక కమిటీ, ఆడిట్ కమిటీ అనే పెద్ద పేర్ల వెనక రోజువారీ పని చాలావరకు ఇదే.

ఇది అంత తేలిక అనుకోకండి. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ 2022లో కొత్త ఒరాకిల్ సాఫ్ట్‌వేర్‌కు మారింది. బ్యాంకు లెక్కలు సరిచూసే భాగాన్ని తమకు తగ్గట్టు మార్పించుకుంది. పనిచేయనిది సరిగ్గా అదే. ఏ డబ్బు ఎవరు కట్టారో తేల్చలేక లెక్కలు చిక్కుబడ్డాయి. మహిళా సిబ్బందికి సమాన వేతన బకాయిల భారం కూడా దానికి తోడైంది. 2023 సెప్టెంబరులో ఆ కౌన్సిల్ అత్యవసరం కాని కొత్త ఖర్చులన్నీ ఆపేస్తున్నట్టు నోటీసు ఇచ్చుకుంది. ఆడిటర్లు, కమిటీలు, ఇంజినీర్లు అందరూ ఉన్న ఊరు అది.

మరి నిజామాబాద్‌లో ఎవరు చూస్తారు? నగరపాలక సంస్థకు 60 డివిజన్లు. 2020 జనవరి ఎన్నికల్లో బీజేపీకి 28, మజ్లిస్‌కు 16, టీఆర్ఎస్‌కు 13, కాంగ్రెస్‌కు 2 వచ్చాయి. ఒకచోట ఇండిపెండెంట్ గెలిచారు. మజ్లిస్ మద్దతుతో మేయర్ పదవి టీఆర్ఎస్‌కు దక్కింది. అంటే అందరికంటే పెద్ద పార్టీ ప్రతిపక్షంలో కూర్చుంది. లెక్కలు అడగడానికి ఇంతకంటే అనువైన సభ దొరకదు. కానీ అడగడానికి గొంతు ఒక్కటే చాలదు, కూర్చుని ఫైళ్లు తిరగేసే చోటు కూడా కావాలి. బడ్జెట్ సమావేశం ఒకరోజు ముచ్చట. అందులో సగం మా డివిజన్‌లో రోడ్డేది, మోరీ ఏది అనే వాదనకే సరిపోతుంది. నేను కార్పొరేటర్లను తప్పుపట్టను. ఓటేసినవాళ్లు వాళ్లను అడిగేదీ అదే కదా.

చోటు ఎలా ఉండాలంటే కేరళను చూడండి. అక్కడ ప్రతి మున్సిపాలిటీలో ఆర్థిక స్థాయీ సంఘం ఉంటుంది, దానికి అధ్యక్షత వహించేది డిప్యూటీ మేయర్ లేదా వైస్ చైర్‌పర్సన్. మన దగ్గర జీహెచ్ఎంసీలో 150 డివిజన్ల కాలమంతా 15 మంది కార్పొరేటర్ల స్టాండింగ్ కమిటీ నడిచింది. బడ్జెట్ ముందు దాని దగ్గరికి పోయాకే కౌన్సిల్‌కు వచ్చేది. పార్లమెంటులో ప్రజా పద్దుల కమిటీ ఉంటుందని, దాని చైర్మన్ ప్రతిపక్షం నుంచి వస్తారని మీరు పాలిటీలో చదివే ఉంటారు. ఊరి లెక్కలకు అలాంటి ఏర్పాటు ఎందుకు ఉండకూడదన్న ప్రశ్న ఏ గైడ్‌లోనూ కనిపించదు.

2025 జనవరిలో నిజామాబాద్ పాలకవర్గం గడువు ముగిసింది. ఎన్నికలు వెంటనే జరగలేదు, ప్రత్యేక అధికారి పాలన వచ్చింది. ఆ సమయంలో ఖర్చు పెట్టేదీ అధికారులే, ఆమోదించేదీ అధికారులే. అధికారి ఎంత నిజాయతీపరుడైనా అడిగేవాళ్లు ఎదురుగా లేని ఏర్పాటు మంచిది కాదని నా అభిప్రాయం.

బోధన్ వాళ్లకు కమిటీ అంటే మొదట గుర్తొచ్చేది చక్కెరే. 1937లో మొదలైన నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా 2002లో ప్రైవేటుకు పోయింది. 2004లో ప్రభుత్వం మారాక శాసనసభ హౌస్ కమిటీ కూర్చుంది. ఆ ఒప్పందాన్ని తప్పుపట్టి, ఫ్యాక్టరీని వెనక్కి తీసుకోమంది. ఫ్యాక్టరీ మాత్రం 2015 డిసెంబరు 23న లే-ఆఫ్‌తో ఆగిపోయింది. పునరుద్ధరణ కోసం 2024లో మళ్లీ ఒక కమిటీ వేశారు. శక్కర్‌నగర్‌లో తాత, తండ్రి నౌకరీ చేసిన ఇంటి పిల్లలు ఈ పేజీ చదువుతున్నారని నాకు తెలుసు. అమ్మకం అయిపోయాక వచ్చిన కమిటీ నివేదిక రాసింది, అంతకంటే ఏమీ చేయలేకపోయింది. సంతకం కాకముందే ప్రశ్నలడిగే కమిటీ వేరు, తర్వాత విచారణ చేసే కమిటీ వేరు.

నగరాలకు డబ్బు ఇచ్చేవాళ్లు ఈ తేడాను గమనించారు. జీహెచ్ఎంసీ 2018 ఫిబ్రవరిలో బాండ్లు జారీ చేసి 8.90 శాతం వడ్డీకి రూ.200 కోట్లు తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో రూ.195 కోట్లకు 9.38 శాతం, 2019లో రూ.100 కోట్లకు 10.23 శాతం పడింది. నగరాలు ఇలా బాండ్లు అమ్మాలంటే సెబీ నిబంధనల ప్రకారం ఆడిట్ అయిన లెక్కలు చూపాలి, రేటింగ్ తెచ్చుకోవాలి. నిజామాబాద్, బోధన్ లాంటి ఊళ్లకు బాండ్లు దూరమే, గ్రాంట్లే దిక్కు. వాటికీ షరతు ఉంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఏమందంటే, నిరుటి తాత్కాలిక లెక్కలు, అంతకుముందు ఏడాది ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టిన పట్టణాలకే గ్రాంటు. పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు వచ్చే ఆ గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. అంటే బ్యాలెన్స్ షీట్ ఆలస్యమైతే మీ గల్లీ నల్లా పైపూ ఆలస్యం కావచ్చు.

కేంద్రం నడిపే సిటీ ఫైనాన్స్ పోర్టల్‌లో ఈ లెక్కలు ఎవరైనా చూడొచ్చు. ఓ ఆదివారం నేను కొన్ని పట్టణాలవి తెరిచాను. కొన్ని పీడీఎఫ్‌లు స్కాన్ చేసిన బొమ్మలే, అందులో ఒక అంకె వెతకాలన్నా కళ్లతో వెతుక్కోవాలి. డేటా సైన్స్ ప్రాజెక్టుకు టైటానిక్ ప్రయాణికుల లిస్టు పదిసార్లు వాడేబదులు వీటిని ఎక్సెల్‌లోకి తెచ్చి చూడండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మీదంటూ ఒక పని ఉంటుంది.

ఇక నౌకరీల సంగతి. మున్సిపాలిటీల లెక్కలను ఆడిట్ చేసేది రాష్ట్ర ఆడిట్ శాఖ. టీజీపీఎస్సీ గ్రూప్-1లో అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్, గ్రూప్-3లో సీనియర్ ఆడిటర్, గ్రూప్-4లో జూనియర్ ఆడిటర్ పోస్టులు ఆ శాఖవే. మున్సిపల్ కమిషనర్ గ్రేడ్-2 గ్రూప్-1లో, గ్రేడ్-3 గ్రూప్-2లో వస్తాయి. ఆప్షన్లు పెట్టేటప్పుడు ఆడిట్ పోస్టును చివరికి తోసేసేవాళ్లను చాలామందిని చూశాను. యూనిఫాం ఉండదు, బుగ్గ కారు ఉండదు. కానీ అభ్యంతరం రాస్తే అవతలివాళ్లు లిఖితపూర్వకంగా జవాబు చెప్పాల్సిన కుర్చీ అది.

ఉద్యోగం వచ్చేదాకా ఆగాల్సిన పనీ లేదు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి. ఒక్కోదాంట్లో 15 మంది, అందులో ఒకటి యువతది. మీ వార్డులో ఆ 15 మంది ఎవరో కనుక్కోండి, ఖాళీ ఉంటే పేరివ్వండి. మరో దారి సమాచార హక్కు. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "అన్ని వివరాలు ఇవ్వండి" అని రాయకండి, రాస్తే తిప్పి పంపడానికి సాకు దొరుకుతుంది. మూడే అడగండి: మార్చి 31 నాటికి మున్సిపాలిటీ పేరిట ఉన్న బ్యాంకు ఖాతాల, డిపాజిట్ల జాబితా, ప్రతి ఖాతాకూ అదే తేదీ నాటి రికన్సిలియేషన్ స్టేట్‌మెంటు, చివరి ఆడిట్ నివేదికలో ఇంకా జవాబు చెప్పని అభ్యంతరాల నకలు.