చార్టు అమ్మాయిది... మాట అబ్బాయిదా?

పదహారేళ్ళుగా హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. 'పిల్లల్ని గ్రూపులు చేసి పనివ్వండి, వాళ్ళే నేర్చుకుంటారు' అని ట్రైనింగుల్లో చెబితే నేనూ అలాగే చేసేదాన్ని. యాభైమంది దాకా ఉన్న క్లాసును ఎనిమిదేసి మందిగా విడగొట్టడం, ఫస్టు వచ్చేవాణ్ణి లీడర్ని చేయడం, గ్రూపుకో చార్టిచ్చి నేను నోట్సులు దిద్దుకోవడం! క్లాసంతా సందడిగా ఉంటే మురిసిపోయేదాన్ని.

ఒకరోజు కిరణజన్య సంయోగక్రియ మీద చార్టు వేయమన్నాను. ముత్యాల్లాంటి అక్షరాలు, చక్కటి ఆకు బొమ్మ. లీడరు గడగడా చదివేశాడు. అందరిచేతా చప్పట్లు కొట్టించాను. "బొమ్మ ఎవరు వేశారర్రా?" అంటే వెనకనుంచి ఓ అమ్మాయి చెయ్యెత్తింది. "గాలిలోంచి ఆకు ఏం తీసుకుంటుందమ్మా?" అనడిగితే తల దించుకుంది.

"నన్ను బొమ్మ వెయ్యమన్నారంతే టీచర్" అంది.

ఆ మాట గుచ్చుకుంది. చాకిరీ మనది, పెత్తనం మగవాళ్ళది అని ఇళ్ళల్లో వాపోతాం కదా! ఆ పాఠం నా క్లాసులో నేనే నేర్పుతున్నానా?

అప్పట్నుంచీ పద్ధతి మార్చాను. గ్రూపుకి నలుగురే. ఎక్కువమందైతే సగంమంది కబుర్లలో పడతారు. ముగ్గురబ్బాయిల మధ్య ఒక్క అమ్మాయిని వేయను. రాయడం, చెప్పడం, సామాను తేవడం, టైము చూడటం వారం వారం చేతులు మారాలి. చివర్లో చీటీ తీస్తాను. ఏ నెంబరొస్తే ఆ నెంబరు వాళ్ళే లేచి చెప్పాలి. ఎవరి వంతొస్తుందో తెలీదు కనక ఒకరికొకరు నేర్పుకుంటున్నారు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో తెల్ల, నల్ల పిల్లల్ని ఒకే బడిలో కలిపినప్పుడు గొడవలయ్యాయి. ఇలియట్ ఆరన్సన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇప్పించారు. ఎవరి ముక్క వాళ్ళు చెబితేగానీ మిగతావాళ్ళకు పాఠం పూర్తికాదు. ఇక ఎవర్నైనా పక్కకు నెట్టడం ఎలా కుదురుతుంది?

"ఇలాగైతే సిలబస్ అయినట్టే!" అంటారు తోటి టీచర్లు. నిజమే, ప్రతి పాఠానికీ అక్కర్లేదు. వారానికో పీరియడ్ చాలు. "మావాడి చదువు పాడవదూ?" అని ఫస్టు ర్యాంకు పిల్లల తల్లులడుగుతారు. పక్కవాడికి అర్థమయ్యేలా చెప్పగలిగితేనే కదమ్మా మనకు వచ్చినట్టు!

మొన్న చీటీలో ఆ అమ్మాయి నెంబరే వచ్చింది. గొంతు వణికింది గానీ చెప్పింది.

తల్లులకో మాట. ఈసారి మీ అమ్మాయి చార్టు పట్టుకొస్తే 'ఎంత బాగా వేశావో' అని ఊరుకోకండి. 'క్లాసులో నువ్వేం చెప్పావే?' అని కూడా అడగండి.