తిరిగితే గాలి పోదు

పోయిన వారం మా 407 బండికి వెనక చక్రాల వీల్ సిలిండర్లు, బ్రేక్ షూలు, హోస్ పైపు మార్పించాను. సాయంత్రం సీట్లో కూర్చుని పెడల్ తొక్కితే, తడిసిన దూది మూట మీద కాలు వేసినట్టు మెత్తగా దిగిపోయింది. రెండోసారి తొక్కితే కాస్త పైన ఆగింది, మూడోసారికి గట్టిపడింది. ఇదేమిటని అడిగితే మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ, "ఏటీ కాదు బాబాయ్, కొత్త సామాను కదా. రెండ్రోజులు తిరిగితే సెట్టయిపోద్ది" అన్నాడు. అక్కడున్న ముగ్గురు డ్రైవర్లూ అవునన్నట్టు తలలూపారు. మేస్త్రీ మాట కంటే ఆ తలలూపడమే నాకు ఒళ్లు మండించింది.

ఆ బండి మర్నాడు చింతపల్లిలో పసుపు లోడు ఎత్తుకుని, లంబసింగి మీదుగా నర్సీపట్నం ఘాట్ దిగాలి. "రెండ్రోజులు తిరగడం" అంటే మాకు ఆ మలుపుల్లో తిరగడమే. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, వెనక టన్నుల బరువు. అక్కడ ఎదురుగా బస్సు వస్తే బ్రేకుని మూడుసార్లు తొక్కే వ్యవధి ఎవరిస్తారు?

ముప్పై ఏళ్లుగా ఈ "సెట్టయిపోద్ది" వింటున్నాను. కొత్త స్లాబు కారుతుంటే ఒక వాన పడితే సెట్టయిపోద్దంటారు. కరెంటు మీటరు గిర్రున తిరుగుతుంటే వచ్చే నెలకి సెట్టయిపోద్దంటారు. సగం పని చేసి మిగతా సగాన్ని కాలానికి అప్పగించే మాట అది. స్లాబు కారితే గచ్చు తడుస్తుంది, మీటరు తిరిగితే డబ్బు పోతుంది. బ్రేకు దగ్గర పోయేది మనిషి.

తిరిగితే ఏం సెట్టవుతుందో ఆ మాట అనేవాళ్లు ఒక్కసారి చెప్పాలి. పెడల్ నొక్కే మాస్టర్ సిలిండర్ నుంచి చక్రం దాకా పైపులో ఉండాల్సింది ఆయిల్ ఒక్కటే. ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పోతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు, బళ్లో పిల్లలు చదువుతున్నారు. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. సిలిండర్, పైపు విప్పిన క్షణమే గాలి లోపలికి దూరుతుంది. అప్పుడు కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది, చక్రానికి అందదు. బండి తిరిగినంత మాత్రాన ఆ బుడగ ఎటు పోతుంది? చక్రం దగ్గర గాలి వదిలే నిపిల్ బిగించి ఉంది. దారి లేదు.

ఇది తెలియని రైతు మా వైపు లేడు. బావి మీద మోనోబ్లాకు మోటారు గాలి పట్టేస్తే స్విచ్చి వేసి, అదే సెట్టవుతుందని గట్టున కూర్చోడు. బిందెతో నీళ్లు పోసి, గాలి పూర్తిగా పోయాకే మోటారు వేస్తాడు. ఇంజెక్షన్ చేసే నర్సమ్మ కూడా సిరంజి మీద వేలితో కొట్టి బుడగ పైకి తెచ్చి బయటికి తోసేస్తుంది. చేను ఎండకూడదని అంత జాగ్రత్త, ఒంట్లోకి గాలి పోకూడదని అంత జాగ్రత్త. ఘాట్ దిగే బండికి మాత్రం అక్కర్లేదా?

గాలి తీయడానికి ఇంకో మొండి పద్ధతి ఉంది, పెడల్‌ని టపటపా పంపు కొట్టడం. హెల్పర్ కుర్రాణ్ని సీట్లో కూర్చోబెట్టి "కొట్టరా, కొట్టరా" అంటారు. వాడు ఇరవైసార్లు నేల దాకా తొక్కుతాడు. అంత దూకుడుకి పెద్ద బుడగ చిన్న చిన్న బుడగలుగా చిట్లి ఆయిల్ నురగైపోతుంది. ఆ నురగ తేరుకోవాలంటే బండిని కాసేపు కదపకుండా వదిలేయాలి, ఎవరు వదులుతారు? పైగా పాత మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పులు రోజూ నడిచే మేర నున్నగా ఉంటుంది, దాని అవతల తుప్పూ మడ్డీ పేరుకుంటాయి. పెడల్ నేలకి తగిలేలా తొక్కితే కప్పులు ఆ గరుకు మీదికి పోయి చీరుకుపోతాయి. అప్పుడు తొక్కి పట్టిన పెడల్ నెమ్మదిగా కిందికి జారిపోతూ ఉంటుంది. చూశారా, మాస్టర్ కూడా పోయిందని బిల్లులో ఇంకో వస్తువు చేరుతుంది. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెడితే తప్పిపోయే నష్టం అది.

కొత్త షూల మీది లైనరు డ్రమ్ముకి పూర్తిగా అంటేదాకా కొంచెం మెత్తగానే ఉంటుందని ఒక వాదన. ఉండొచ్చు. గాలి తీసి, షూలు డ్రమ్ముకి దగ్గరగా అడ్జస్ట్ చేసి, కారుడు లేదని చూశాక మిగిలిన మెత్తదనం గురించి ఆ మాట అనండి, వింటాను. పని మొదలుపెట్టకముందే అది సాకు కాకూడదు.

ఆయిల్ సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలే. ఘాట్‌లో అది మరిగి ఆవిరైతే మళ్లీ అదే దూది పెడల్. మూత తీసి నెలల తరబడి అరలో పెట్టిన డబ్బాలోది పోయడం, డీజిల్‌తో కడిగి రబ్బరు కప్పుల్ని ఉబ్బించడం, రెండూ నేరాలే.

మరి ఏం చేయాలి? ఆ రాత్రి నేనే చేశాను. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రం దగ్గర మొదలుపెట్టాం. నిపిల్‌కి పారదర్శకమైన ట్యూబు తొడిగి, రెండో కొస ఆయిల్ పోసిన సీసాలో ముంచాను. మా అబ్బాయి నెమ్మదిగా తొక్కి పట్టడం, నేను నిపిల్ వదులు చేసి బిగించడం, నేను సరే అన్నాకే వాడు కాలు తీయడం. పైన డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోస్తూనే ఉన్నాం. రెండ్రోజుల్లో సెట్టయిపోతుందన్న ఆ చక్రంలోంచి ఎన్ని బుడగలొచ్చాయో లెక్కపెట్టలేను. నాలుగు చక్రాలూ అయ్యేసరికి గంటన్నర పట్టింది. ఒక్క తొక్కుకి పెడల్ పైనే, రాయిలా నిలబడింది.

ఆ గంటన్నరకి కూలి వేరే ఇవ్వాలంటే ఇస్తాం, మేస్త్రీలూ అడగండి. షెడ్లలో ఎవరు నేర్పాలో, ఎవరు చూడాలో పెద్దలు తేల్చుకోవాలి. డ్రైవర్లకి మాత్రం ఒక్కటే మాట. తలూపకండి. సీటెక్కి పెడల్ తొక్కండి. మొదటి తొక్కుకే గట్టిగా ఆగకపోతే తాళం తిరిగి మేస్త్రీ చేతిలో పెట్టి, అక్కడే కూర్చోండి. పసుపు ఒక రోజు ఆగుతుంది.