సర్దుకుపోవడం కొండ మీద పనికిరాదు

మా అమ్మాయి సైకిల్ మీద మనాలి నుంచి లేహ్ వెళ్తానంది. ఆ ఒక్క మాటతో వారం రోజులుగా మా ఇంట్లో టీవీ పెట్టేవాళ్లు లేరు.

"ఆడపిల్లకెందుకమ్మా ఆ కొండలు?" అని అత్తయ్యగారు. "రేపు సంబంధాలు చూడాలి, ఎండకి నల్లబడిపోతే?" అని మా ఆడపడుచు. మావారు పేపరు మడిచి "మీ అమ్మనడుగు" అన్నారు. తేలని వ్యవహారాలన్నీ నా మీదకి తోసెయ్యడం ఆయనకి పెళ్లయిన దగ్గర్నుంచీ అలవాటే.

సరే, నన్నే అడిగింది కాబట్టి నేనే చెప్తాను. వెళ్లొద్దని నేననను. కానీ అది చూపించిన ప్లానుతో మాత్రం పంపను. ఈ రెండూ వేరు వేరు మాటలు. మన ఇళ్లల్లో మొదటి మాట దగ్గరే అరుచుకుంటాం. ప్లాను కాగితం ఎవరూ తెరిచి చూడరు.

పోయినేడాది మా మరిది కొడుకు ఇదే దారిలో సైకిలేసుకుని వెళ్లాడు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. వాడు జిస్పాలో పడుకుని మర్నాడే సర్చు చేరాడు. జిస్పా ఎత్తు సుమారు 3,200 మీటర్లు, సర్చు సుమారు 4,300. అంటే పడుకునే చోటు ఒక్క రోజులో 1,100 మీటర్లు పైకి పోయింది. మన తిరుమల ఊరు మొత్తం వెయ్యి మీటర్ల లోపే ఉంటుంది, చూసుకోండి. రాత్రంతా తలనొప్పి, వాంతులు. పరువు పోతుందని పక్కవాడిని లేపలేదు. తెల్లారేసరికి తూలుతుంటే స్నేహితులు బండెక్కించారు. ఇక్కడే ఉంది అసలు సంగతి. సర్చుకి ఒక వైపు దాదాపు 4,900 మీటర్ల బారాలాచా కనుమ, రెండో వైపు 5,000 దాటిన లాచులుంగ్ కనుమ. జబ్బు చేసినవాడు కిందికి దిగాలంటే ముందు ఇంకా పైకెక్కాలి! ఏ పెద్దల పుణ్యమో, బతికి బయటపడ్డాడు. ఇంటికొచ్చాక వాడు హీరో. "ఏం ప్లాను వేశావురా" అని అడిగిన నాథుడు లేడు.

మా అమ్మాయి ప్లాను కూడా అచ్చం అలాంటిదే. తేదీ, కిలోమీటర్లు, కనుమ పేరు, అంతే. రోహ్‌తాంగ్ 3,978, తంగ్లాంగ్ లా 5,328 అని ఎక్కే ఎత్తులన్నీ ఎర్ర సిరాతో రాసుకుంది. పడుకునే ఎత్తు రాయడానికి గడే లేదు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలనీ డాక్టర్లు చెప్తారు. పగలు కనుమ ఎక్కి దిగిపోతే ఒళ్లు కొంత ఓర్చుకుంటుంది. రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ముఖ్యం. తంగ్లాంగ్ లా మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. ఆ గాలికి ఆడా మగా తేడా తెలీదు. కండబలమూ కాపాడదు. బలమున్నవాడు తొందరగా ఎక్కేస్తాడు కాబట్టి వాడికే ముప్పెక్కువ.

అయితే ఆడపిల్లకి వేరే ప్రమాదమేమీ లేదా? ఉంది. దాన్ని తయారుచేసింది మనమే.

చిన్నప్పటి నుంచీ ప్రయాణమంటే "నీళ్లు తాగకే, మళ్లీ దారిలో ఇబ్బంది" అన్నాం. బారాలాచా దాటాక చాటు కోసం ఒక్క చెట్టు కనిపించదు. ఆ పొడి గాలిలో సైకిల్ తొక్కుతూ నీళ్లు మానేస్తే తలనొప్పి వస్తుంది. అది నీళ్లు చాలకనా, ఎత్తు వల్లనా అన్నది తేల్చుకోవడం కష్టం. అందుకే ప్లానులో నీళ్లతో పాటు చాటుకి ఒక గొడుగో, చున్నీయో, నెలసరి సామానూ రాయించాను. సిగ్గుపడుతుంటే "రాయవే" అన్నాను.

రెండోది ఇంకా పెద్దది. "నొప్పని పైకి చెప్పకు, సర్దుకుపో" అని నేర్పాం. కొండ మీద చెప్పని తలనొప్పి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరేదాకా, మెదడు వాచేదాకా పోవచ్చు. మగపిల్లలకి "వెనక్కి తిరగకు" అని నేర్పాం, ఆడపిల్లలకి "నోరెత్తకు" అని. రెండు పెంపకాలూ అక్కడ మనిషిని చంపగలిగినవే.

కాబట్టి తల్లీకూతుళ్లం కూర్చుని ప్లాను తిరగరాశాం. కీలాంగ్‌లో రెండు రాత్రులు. తర్వాత దార్చా, పట్సియో, జింగ్‌జింగ్‌బార్‌లలో ఒక్కో రాత్రి, ఆ తర్వాతే సర్చు. మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి కనక పొద్దున్నే బయల్దేరడం. దారి పాడైతే వాడుకోవడానికి రెండు రోజులు అదనం. లేహ్ చేరేది నాలుగు రోజులు ఆలస్యం. "అందరూ నవ్వుతారమ్మా" అంది. నవ్వనీ.

కింద ఒక నియమం రాయించాను: ముగ్గురిలో ఎవరికి తలనొప్పి వచ్చినా ఆ పూటే చెప్పాలి, ఆ రోజు ముగ్గురూ పైకెక్కకూడదు. ఒళ్లు తూలితే, పడుకున్నా ఆయాసం తగ్గకపోతే వెంటనే కిందికి. ముగ్గురి చేతా సంతకం పెట్టించాను.

అత్తయ్యగారు ఇంకా "ఆడపిల్లకెందుకమ్మా" అంటూనే ఉన్నారు. రేపు మీ ఇంట్లో పిల్ల ఇలాంటి కాగితం పట్టుకొస్తే మీరు మాత్రం ఆ మాట అనకండి. "రాత్రికి ఎక్కడ పడుకుంటావు, ఎంత ఎత్తులో?" అని అడగండి. కొడుకు పట్టుకొచ్చినా ఇదే అడగండి. మా మరిది కొడుకుని ఆనాడు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు పళ్లెం నిండా లడ్డూలు పంచినదాన్ని నేనే.