గంట మార్చు అధికారము – ముందుగా తెలుపు ధర్మము

కాలమును నిలుపుటకు ఏ ప్రభుత్వమునకును శక్తి లేదు. గడియారమును మార్చుటకు మాత్రము ప్రతి ప్రభుత్వమునకును అధికారము గలదు. ఈ యధికారమును వివేకము లేక ప్రయోగించినచో ప్రజలెట్టి చిక్కులకు లోనగుదురో 2023వ సంవత్సరము మార్చి నెలలో లెబనాను దేశమున జరిగిన యుదంతము లోకమునకు తెల్లము చేసినది. దానిని మన పాఠకులు దూరదేశపు వింతగా మాత్రమే చదివి విడువరాదు. ఏలయన, హైదరాబాదునందైనను కాకినాడయందైనను మన చేతిలోని ఫోను చూపు గంట యే యాధారముపై నిలిచియున్నదో, లెబనాను ప్రజలు చూచిన గంటయు నాయాధారముపైననే నిలిచియున్నది.

లెబనానులో ఏటేట మార్చి కడపటి ఆదివారమునకు గడియారములను ఒక గంట ముందునకు జరుపు నియమము కలదు. 2023లో ఆ మార్పు మార్చి 25వ తేది శనివారము అర్ధరాత్రమున జరుగవలసియుండెను. అది రంజాను మాసము. గడియారమును జరుపనిచో ఉపవాసము విరమించు సాయంసమయము గంటల లెక్కను ఒక గంట ముందుగా వచ్చును. ఇందులకేయని యెల్లరును తలచునట్లు, ఆపద్ధర్మ ప్రధానియగు నజీబ్ మికాతీ మార్పును ఏప్రిల్ 20వ తేది రాత్రి వఱకు వాయిదా వేసినట్లు మార్చి 23న ప్రకటించెను. ప్రజలకు దొరకిన వ్యవధి రెండు దినములు మాత్రమే. మారొనైటు క్రైస్తవ మఠాధికారులు ఈ యుత్తరువును పాటింపమనిరి. కొన్ని టెలివిజను సంస్థలును వారి మార్గమునే యనుసరించినవి. ఆదివారము తెల్లవారునప్పటికి ఒకే నగరమున రెండు గంటలు నడువసాగెను. ఎవరైన ఫలానా గంటకు కలిసికొందమన్నచో, ఏ గంట లెక్కయని మరల నడుగవలసివచ్చెను. ఫోనులు కొన్ని పాత నియమమును, కొన్ని క్రొత్త యుత్తరువును చూపుచుండగా, గంటను చేతితో సరిచేసికొనుడని టెలిఫోను సంస్థలు చందాదారులకు వర్తమానములు పంపినవి. 27వ తేదిని మంత్రివర్గము సమావేశమై వాయిదాను రద్దుచేసి, 29వ తేది అర్ధరాత్రమున గంటను జరుపుటకు నిశ్చయించెను. గడియారపు తగవు మతముల తగవుగా మాఱుటకు నాలుగు దినములు చాలినవి.

ఆ నాలుగు దినములలో లెబనాను ప్రభుత్వముతో గాని మఠముతో గాని సంబంధము లేని కొందఱు కూడ ఈ చిక్కున తగుల్కొనిరి. ప్రపంచమందలి కంప్యూటర్లలోను ఫోనులలోను అధికభాగమునకు కాలమండలముల పట్టిక యొకటి యాధారమైయున్నది. అమెరికాలో ఆర్థర్ డేవిడ్ ఆల్సన్ దీనిని 1980ల నడిమి కాలమున ఆరంభించిరి. పిమ్మట దీనిని కూర్చి సరిదిద్దినవారిలో కాలిఫోర్నియాకు చెందిన పాల్ ఎగ్గర్ట్ ముఖ్యులు. లోకమందలి ప్రతి కాలమండలమునకును ఒక నగరము పేర ఇందులో పద్దు గలదు. ఆ ప్రాంతపు గంట సార్వత్రిక కాలమునకు ఎంత ముందో వెనుకో, ఏ యేట ఏ దినమున ఎంత మాఱినదో, ఇకముందు ఎప్పుడు మాఱనున్నదో యందు వ్రాయబడియుండును. దేశదేశముల స్వచ్ఛంద సేవకులు ప్రభుత్వోత్తరువులను, పత్రికావార్తలను సేకరించి పంపుదురు. వానిని పరిశీలించి సంవత్సరమునకు పలుమాఱులు క్రొత్త కూర్పును వెలువరింతురు. యంత్రములు చేయు సంస్థలు ఆ కూర్పును గ్రహించి, తమ యంత్రములకు సరిపఱచి, వాడుకదారులకు పంపవలెను. ఇది కొన్నియెడల దినములలో ముగియును. కొన్నియెడల నెలలు పట్టును. పాతబడిన ఫోనులకు ఎన్నటికిని చేరకయే పోవచ్చును.

పూర్వము మన గ్రామములందు కరణము చేసిన పని వంటిది వీరి పని. కరణము ఎవ్వరికిని భూమిని పంచిపెట్టలేదు. ఎవ్వరి సాగులో ఏ చేనున్నదో అడంగలులో వ్రాసెడివాడు. వ్రాత తప్పినచో రైతు కచ్చేరుల చుట్టు తిరుగవలసివచ్చెడిది. అట్లే యీ పట్టికను కూర్చువారును ఏ దేశమునకును గంటను నిర్ణయింపరు. ప్రజలు వాస్తవముగా పాటించు గంటను వ్రాయుదురు. మఱి ఉత్తరువొకటియు, ఆచారము వేఱొకటియు నైనప్పుడు వారేమి వ్రాయవలెను? లెబనాను విషయమున ఎదురైన ప్రశ్న యిదియే. మార్చి 23నే ప్రభుత్వోత్తరువు ననుసరించి వారొక కూర్పును వెలువరించిరి. ప్రభుత్వము మనసు మార్చుకొన్న మఱునాడు, 28న, ఆ మార్పునంతయు త్రోసివైచి మునుపటి లెక్కనే నిలుపుచు మఱియొక కూర్పును వెలువరింపవలసివచ్చెను. అయిదు దినములలో రెండు కూర్పులు! మొదటిది చేరి రెండవది చేరని యంత్రము తప్పు గంటను చూపినచో ఆ దోషము వ్రాసినవారిది కాదు.

లెబనానొక్కటియే యిట్లు చేసినదనుకొనరాదు. తుర్కీ దేశము 2015లో నవంబరు 1వ తేది యెన్నికల నిమిత్తము, అక్టోబరు 25న వెనుకకు జరుపవలసిన గంటను నవంబరు 8 వఱకు ఆపినది. పెక్కు ఫోనులు మాత్రము అక్టోబరు 25ననే తమంతట తాము గంటను వెనుకకు జరిపి ప్రజలను తికమక పెట్టినవి. ఈజిప్టు ప్రభుత్వము 2016 జూలై 7 నుండి గంటను ముందునకు జరుపుదునని చెప్పి, ఆ తేదికి మూడు దినముల ముందు వలదనెను. మొరాకో 2018లో అక్టోబరు 28న గంటను వెనుకకు జరుపవలసియుండగా, 26వ తేది శుక్రవారమున, ఇకముందు జరుపమని నిశ్చయించెను. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్నట్లు, ప్రభుత్వముత్తరువిచ్చినను యంత్రములు వినలేదని యా దినములలో ప్రజలు వాపోయిరి. కాని యిచ్చట పూజారి దోషమేమి? వర్తమానము గర్భాలయము చేరకముందే ఉత్సవము ప్రారంభమైనది.

అట్లైనచో స్వతంత్రదేశములు ఒక పట్టిక యెదుట చేతులు కట్టుకొని నిలువవలెనాయని కొందఱడుగవచ్చును. మేమట్లనుట లేదు. తన గంటను తాను నిర్ణయించుకొనుట స్వరాజ్యమందొక భాగమే. ఈ విషయము మనకు అనుభవపూర్వకముగ తెలియును. మన పెద్దలు సూర్యోదయము మొదలు ఘడియలు లెక్కించుకొనెడివారు. తరువాత రైళ్లతో మద్రాసు కాలము వచ్చెను. 1906 జనవరి 1 నుండి పరప్రభుత్వము దేశమునకంతకు ఒకే కాలమును విధించినది. మద్రాసు గడియారము సుమారు 9 నిమిషములు, బొంబాయి గడియారము 39 నిమిషములు ముందునకు జరుగవలసివచ్చెను. బొంబాయి పౌరులు దానిని నిరసించి, స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కూడ కొంతకాలము తమ గంటనే నిలుపుకొనిరి. కలకత్తాయు 1948 వఱకు తన కాలమును విడువలేదు. నేడు మనము పాటించు కాలమునకు మూలమగు రేఖ తూర్పు 82½ డిగ్రీలది. ఆంధ్రదేశమున అది కాకినాడ సమీపముగా పోవుచున్నది. పరులు విధించినదైనను స్వతంత్రభారతము దానిని తన యిచ్ఛతో నిలుపుకొన్నది గాన అది మనదైనది. దానిని మార్చు హక్కును మనదే.

అయితే హక్కునకు వెంట బాధ్యత గలదు. రెండవ ప్రపంచయుద్ధమున, 1942 సెప్టెంబరు మొదలు 1945 అక్టోబరు నడుమ వఱకు, భారతదేశపు గడియారములు ఒక గంట ముందునకు జరుపబడియుండెను. ఆ యేండ్లలో పుట్టినవారి జాతకము వ్రాయించునప్పుడు, ఇంట వ్రాసియుంచిన జననకాలము యుద్ధకాలపు గంటయా, మామూలు గంటయాయని సిద్ధాంతి విచారింపవలెను. విచారింపనిచో గంట తేడా వచ్చి లగ్నమే మాఱిపోవచ్చును. జాతకములయందు నమ్మకము లేనివారు కూడ దస్తావేజులను, న్యాయస్థానపు సాక్ష్యములను నమ్ముదురు గదా. ఎనుబదియేండ్ల క్రిందటి యొక యుత్తరువు నేటికిని లెక్కలోనికి వచ్చుచున్నది. కావున గంట మార్పును వ్రాసియుంచుట యెంత ముఖ్యమో, వ్రాయుటకు వ్యవధి యిచ్చుటయు అంత ముఖ్యము.

ఆ వ్రాతకు కలిగిన యాపదయు జాతకములకు సంబంధించినదే యగుట విచిత్రము. 2011 సెప్టెంబరు 30న ఆస్ట్రోలేబు అను నమెరికా జ్యోతిష సాఫ్టువేరు సంస్థ, గతకాలపు గంటల వివరములు తన యాస్తియనియు, తన గ్రంథమునుండి వానిని తీసికొనిరనియు ఆల్సన్, ఎగ్గర్ట్‌లపై దావా వేసినది. కొలది దినములలో పట్టిక లభించుచోటు మూతపడెను. లోకమంతయు వాడుకొను వస్తువు ఇద్దఱు వ్యక్తుల భుజములపై నిలిచియున్నదని అనేకులకు అప్పుడుగాని తెలియలేదు. అక్టోబరు 14న ఇంటర్నెట్టు పేర్ల నిర్వహణ చూచు ఐకాన్ సంస్థ పట్టికకు ఆశ్రయమిచ్చెను. 2012 ఫిబ్రవరిలో వాది, చారిత్రక సత్యములు ఎవ్వరి సొత్తును కావని యొప్పుకొని దావాను ఉపసంహరించుకొనెను. న్యాయము గెలిచినది. కాని జనసామాన్యపు చెఱువునకు కాపరి లేనిచో ఎవ్వడైన వచ్చి గట్టు నాదనునని యా దావా నేర్పిన పాఠమును మఱువరాదు.

ఈ విషయమున భారతదేశమునకు గల ప్రయోజనము సామాన్యమైనది కాదు. ఆ పట్టికలో భారతదేశమంతటికిని ఒకే పద్దు గలదు. అది కలకత్తా నగరము పేర నుండెను. 2001లో ఆ నగరము పేరు కోల్‌కతాగా మాఱినది. తరువాత పట్టికయందును మార్చిరి. పాత పేరుతో నడచు యంత్రములు చెడకుండ పాత పేరును కూడ నిలిపిరి. గంటను మార్చు ప్రభుత్వములకు లేని యోర్పు వ్రాతగాండ్రకు ఉన్నదని దీనివలన తెలియుచున్నది. దేశమున ఒకే కాలమును న్యాయవ్యవహారములకును వాణిజ్యమునకును నిర్బంధము చేయు నియమముల ముసాయిదాను 2025 జనవరిలో కేంద్రప్రభుత్వము ప్రకటించి ప్రజల యభిప్రాయములను కోరెను. అట్లు ముందుగా ప్రకటించి యడుగుట మెచ్చదగినది. ఈశాన్యమున, ప్రొద్దు ముందుగా పొడుచు అస్సామునందు, తేయాకు తోటలు చిరకాలముగా ఒక గంట ముందు గల తోటకాలమును పాటించుచున్నవి. తమకు వేఱు కాలము కావలెనను కోరికయు అచ్చట గలదు. ఆ కోరిక మంచిదా కాదాయను చర్చ వేఱు. ఎన్నడైన అంగీకరించినచో, దేశమందలి యంత్రములన్నిటను ఒక పద్దు రెండగుటకు తగిన వ్యవధి నిచ్చియే యంగీకరింపవలెను.

ఇతరుల మార్పులును మనలను తాకుచునేయున్నవి. అమెరికా తన నియమమును మార్చి 2007 నుండి మార్చి రెండవ ఆదివారము మొదలు నవంబరు మొదటి ఆదివారము వఱకు గంటను ముందునకు జరుపుచున్నది. హైదరాబాదునకును న్యూయార్కునకును గల యంతరము వేసవిలో 9½ గంటలు, శీతకాలమున 10½ గంటలు. అచ్చటి సంస్థలకు ఇచ్చట రాత్రులు పనిచేయు యువకులకును, సముద్రముల కావలి బిడ్డల పిలుపునకు ఎదురుచూచు తలిదండ్రులకును, అచ్చటి తెలుగువారికి తిథుల కాలమును గుణించు పంచాంగకర్తలకును ఈ లెక్క నిత్యావసరము. ఈ జరుపుటలను మాన్పు బిల్లు 2022 మార్చిలో అమెరికా సెనేటులో నెగ్గినను, ప్రతినిధుల సభ ఆమోదము పొందక నిలిచిపోయినది. అట్టిదెన్నడైన చట్టమైనచో, వారమునాటి తెలివిడితో అమలుకాకూడదని కోరుటకు మనకును హక్కు గలదు.

కావున మేము కోరునది స్వల్పము. గంటను మార్చదలచిన ఏ ప్రభుత్వమైనను ఒక సంవత్సరము ముందుగా, తేదియు క్షణమును స్పష్టముగా పేర్కొను ఉత్తరువును ప్రకటింపవలెను. దానిని తన రాజపత్రమునందు దాచియుంచక, లోకపు పట్టికను వ్రాయువారికి తానే తెలుపవలెను. గతకాలపు ఉత్తరువులను భద్రపఱచి పరిశోధకులకు అందుబాటున నుంచవలెను. వీనికగు వ్యయము లేశము. చేయనిచో ప్రజలకగు నష్టము మెండు. పట్టపుటేనుగు నెక్కినవాడు వీథిలోనికి వచ్చుటకు ముందు దండోరా వేయించుట రాజనీతి. గడియారపు ముల్లును త్రిప్పు చేతికి ఆ నీతి మఱింత యవసరము. ఏలయన, ఆ చేయి ఒక్క వీథిని కాక యింటింటను కదలించుచున్నది.