వాన నీటి వేగమే అసలు సమస్య

2024 జూన్ 28 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో దిల్లీలోని సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 228.1 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది. నాడు రాజధాని ఆధారపడిన వాననీటి పారుదల ప్రణాళిక 1976 నాటిది. ఈ నేపథ్యంలో, లాడో సరాయ్‌లో దిల్లీ అభివృద్ధి సంస్థ నిర్వహిస్తున్న కుతుబ్ గోల్ఫ్ కోర్సు వంటి ప్రజా మైదానాల బాధ్యత ఆటకే పరిమితం కాదు.

వాలు నేలపై పడిన వానను గొట్టాల ద్వారా వెంటనే బయటకు పంపితే ఆట త్వరగా మొదలవుతుంది. అయితే ఆ వేగమే గట్లను కోస్తుంది. కొట్టుకుపోయిన మట్టి కాలువలను పూడ్చి, దిగువ వీధులను ముంచుతుంది. గడ్డి పెంచిన లోతు తక్కువ కాలువలు, మట్టిని ఆపే గుంటలు, చెరువులు నీటి వేగాన్ని తగ్గిస్తాయి. పచ్చిక ఒకరోజు ఆలస్యంగా ఆరితే నష్టపోయేది ఆట మాత్రమే. నీరు ఒక్కసారిగా దిగితే నష్టపోయేది నగరం. ప్రజల భూమి ఏ నష్టాన్ని ఎంచుకోవాలో స్పష్టమే.