తెర నల్లబడినంత మాత్రాన

లినక్సు కంప్యూటరు తెర నల్లబడిన మరుక్షణమే ‘అంతా తుడిచివేసి మరల ఎక్కించుకో’ అనే సలహా మన విద్యార్థులలో తిరుగులేని మాటగా చెల్లుబాటవుతున్నది. దీనిని మేము అంగీకరింపజాలము. ఆ తుడిచివేతలో పోయేది యంత్రం కాదు. ఉట్నూరు నుండియో, హుజూరాబాదు నుండియో వచ్చి చదువుకొనే విద్యార్థి ఏడాది పొడుగునా వ్రాసుకొన్న ప్రాజెక్టు నివేదిక.

లినక్సులో బొమ్మల తెర వేరు, దాని అడుగున పనిచేసే వ్యవస్థ వేరు. 1984లో ఎం.ఐ.టి.లో ఆరంభమైన ఎక్స్ విండో నుండి నేటి వేలాండ్ వరకు ఈ విభజన కొనసాగుతూనే ఉన్నది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కినచో చాలాసార్లు అక్షరాల తెర ఒకటి వచ్చి పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. అందులో ప్రవేశించి, పెన్‌డ్రైవును మౌంటు చేసుకొని, ముందుగా ఫైళ్ళకు నకలు తీసుకొనవలెను. మరమ్మతు తరువాతి మాట.

కారణం తరచు చిన్నదే అయి ఉంటుంది. డిస్కు నిండిపోయినచో లాగిన్ తెరయే మళ్ళీ మళ్ళీ ఎదురు కావచ్చును. అనవసరమైనవి తొలగించిన చాలును. కెర్నెల్ క్రొత్తదై ఎన్విడియా డ్రైవరు దానితో పొసగనిచో, గ్రబ్ పట్టికలో పాత కెర్నెల్‌ను ఎన్నుకొనవచ్చును. అదీ ఫలించకున్న అక్కడే ‘ఇ’ మీట నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే పంక్తి చివర ‘నోమోడ్‌సెట్’ అని ఆంగ్లాక్షరాలలో చేర్చి, ఎఫ్10 నొక్కవలెను. ఆ మార్పు ఆ ఒక్కసారికే వర్తిస్తుంది, భయపడనక్కరలేదు.

మన కళాశాలకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి కలదు. ఆ అక్షరాల తెర ఒకేసారి 512 అక్షరరూపాలకు మించి చూపలేదు. తెలుగు గుణింతాలను, వత్తులను కూర్చలేదు. ఉర్దూను కుడి నుండి ఎడమకు నడిపింపలేదు. అందుచేత తెలుగులోనో ఉర్దూలోనో పేరు పెట్టిన ఫైలు అక్కడ అర్థం కాని గళ్ళుగా కనిపిస్తుంది. చెడిపోయినదని తలచి దానిని చెరిపివేయరాదు. ఫైలు క్షేమంగానే ఉన్నది. లిపి మాత్రమే కనబడుట లేదు. మాతృభాషలో కంప్యూటరు వాడుమని మనమే ప్రోత్సహించి, ఆపద వేళ విద్యార్థిని ఆంగ్లపు తెర ముందు ఒంటరిగా విడిచిపెట్టుట న్యాయమేనా?

కావున పాలకవర్గం వారికి మా మనవి: ఈ క్రమాన్ని తెలుగు, ఉర్దూ రెండింటిలోను, ఆజ్ఞలను మాత్రం ఆంగ్లాక్షరాలలోను పెద్దగా ముద్రించి ప్రయోగశాల గోడకు అంటింపవలెను. కాగితానికి ఏ డ్రైవరూ అక్కరలేదు గదా! ఏడాదికొకసారి తెరను కావాలనే ఆపివేసి, విద్యార్థులచేతనే తిరిగి తెప్పించే అభ్యాసమూ జరిపింపవలెను. అందుకు ఒక్క పీరియడు చాలును.